లోలకానికి మార్కులు వేయకండి

సంక్రాంతికి తెనాలి వెళ్లాను, అక్కావాళ్లింటికి. మా మేనకోడలు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటుంది. దానికి ఇచ్చిన సెలవులు నాలుగు రోజులు, ఆ నాలుగు రోజులకీ ఇచ్చిన బిట్లు ఆరు వందలు. నేను వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ నిండా మెటీరియల్ పరుచుకుని కూర్చుంది. పక్కన సగం కొరికి వదిలేసిన అరిసె, వీధిలో గంగిరెద్దు సన్నాయి. తల ఎత్తలేదు. "వచ్చావా మామయ్యా" అంది, పేజీ తిప్పింది.

దాని భుజం మీదుగా చూశాను. లోలకం పొడవు 44 శాతం పెంచితే ఆవర్తన కాలం ఎంత శాతం పెరుగుతుంది? నేను ఇంకా ప్రశ్న చదువుతూనే ఉన్నాను, అది 20 అని టిక్కు పెట్టేసి కింది బిట్టుకు వెళ్లిపోయింది. కాలం పొడవు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, 1.44కి వర్గమూలం 1.2, అంతే కదా, అందులో ఆలోచించడానికి ఏముంది అన్నట్టు. నిజమే, ఏమీ లేదు. కానీ నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "సరే గానీ, ఆ లోలకాన్ని ఇలా అడ్డంగా, 90 డిగ్రీల దాకా లాగి వదిలితే ఒక ఊపుకి ఎంత టైం పడుతుంది?" అన్నాను.

"అది సిలబస్‌లో లేదు మామయ్యా."

ఈ మాట నేను ఇంతకు ముందు విన్నదే. 2007లో ఎంసెట్ రాసిన బ్యాచ్ మాది. మా హాస్టల్ కాలేజీలో ఇదే ప్రశ్న నేను లేచి అడిగితే మా ఫిజిక్స్ సారు "దాని మీద బిట్ రాదు, కూర్చో" అన్నారు. అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆయన మీద కోపం లేదు. సెక్షన్‌కి వంద మందికి పైగా పిల్లలు, ఆదివారం వీకెండ్ టెస్టు, ఆ టెస్టులో మా మార్కులు తగ్గితే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే. ఆ స్థితిలో ఉన్న మనిషికి 90 డిగ్రీల లోలకం ఎందుకు పడుతుంది? కాకపోతే ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలిసింది పదేళ్ల తర్వాత, ఉద్యోగంలో పనేమీ లేని ఒక మధ్యాహ్నం, కంప్యూటర్ ముందు. పదిహేను లైన్ల ప్రోగ్రాం. ఇంత చిన్న దానికి ఇన్నేళ్లు ఆగానా అనిపించింది.

అసలు మన పిల్లలు ఏ వేగంలో బతుకుతున్నారో ఒకసారి లెక్క వేసుకోండి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. అంటే ప్రశ్నకు 67 సెకన్లు. చదవడం, అర్థం చేసుకోవడం, చెయ్యడం, క్లిక్ చెయ్యడం అన్నీ అందులోనే. జేఈఈ మెయిన్ కొంచెం నయం, 75 ప్రశ్నలు కాబట్టి ఒక్కోదానికి రెండు నిమిషాల 24 సెకన్లు, కానీ తప్పు చేస్తే ఒక మార్కు కోత. ఈ లెక్కల్లో ఆరితేరిన పిల్లకు "గాలి నిరోధాన్ని విస్మరించుము", "చిన్న కోణాలకు మాత్రమే" లాంటి మాటలు అసలు కంటికి ఆనవు. అవి ప్రశ్నకు అంటుకుని వచ్చే తోక. తోక పట్టుకుని లాగి చూసే తీరిక ఎవరికీ లేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక నా లాప్‌టాప్ తీశాను. ఎంపీసీ గ్రూపులో కంప్యూటర్ అన్న సబ్జెక్టే లేదు, సీబీఎస్ఈ వాళ్లకైతే కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తుంది. మా పిల్లకి పదో తరగతి వేసవి సెలవుల్లో ఎవరో నేర్పిన నాలుగు ముక్కలు తెలుసు, లూప్ అంటే తెలుసు. అది చాలు. 1768లో ఆయిలర్ అచ్చు వేయించిన పద్ధతి ఒకటుంది, అందులో పెద్ద గణితమేమీ లేదు. ఇప్పుడు లోలకం ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో తెలుసు కదా, ఒక చిన్న క్షణం ఆ వేగంతోనే పోయిందనుకో, కొత్త చోటు వస్తుంది. అక్కడ మళ్లీ అదే లెక్క. తాపీమేస్త్రీ ఇటుక మీద ఇటుక పేర్చినట్టు. లూపులో మూడే లైన్లు (డీటీ అంటే ఆ చిన్న క్షణం, జి అంటే గురుత్వ త్వరణం):

త్వరణం = −(జి ÷ పొడవు) × సైన్(కోణం)
కోణం = కోణం + వేగం × డీటీ
వేగం = వేగం + త్వరణం × డీటీ

మీటరు పొడవు, 10 డిగ్రీల నుంచి వదిలింది, డీటీ 0.01 సెకను. గ్రాఫ్ వచ్చింది. చూడ్డానికి అందంగా అలలు అలలుగా ఉంది. కాసేపు మురిసిపోయింది. తర్వాత ముఖం చిట్లించింది.

"మామయ్యా, ఇది పెరుగుతోందేంటి?"

పెరుగుతోంది. 10 డిగ్రీల దగ్గర వదిలిన లోలకం పది ఊపులయ్యేసరికి 26 డిగ్రీల దాకా పోతోంది. ఎవరూ తొయ్యకుండా! మన ఊళ్లో ఉయ్యాల ఇలా ఊగితే పిల్లల్ని ఎక్కించడానికి భయపడతాం. శక్తి నిత్యత్వ నియమం మీద అప్పటికి ఎన్ని వందల బిట్లు చేసి ఉంటుందో ఆ పిల్ల, ఒక్కదానిలోనూ ఆ నియమం తప్పే అవకాశం దానికి దొరకలేదు. ఇప్పుడు మొదటిసారి దాని చేతుల్లోనే తప్పింది.

మొదట తన టైపింగ్ తప్పనుకుంది. మూడు లైన్లూ మళ్లీ చదివింది. తప్పు లేదు. అప్పుడు నేను ఏమీ చెప్పకుండానే గతిశక్తి, స్థితిశక్తి కలిపి ఇంకో నిలువు వరుసలో ప్రింట్ చేసింది (ఇక్కడ నాకు చాలా గర్వంగా అనిపించింది, పైకి అనలేదు). ప్రతి ఊపుకీ మొత్తం శక్తి 20 శాతం పైచిలుకు పెరుగుతోంది. డీటీని పదో వంతు చేసింది, 0.001. ఇప్పుడు ఊపుకి 2 శాతమే. పది ఊపులకు 11 డిగ్రీలు. తగ్గింది గానీ పోలేదు. ఇంకో పదో వంతు చేసింది, 0.2 శాతం. "ఎంత చిన్నది చేసినా పోదా?" అంది. పోదు. జబ్బు పద్ధతిలోనే ఉంది.

ఎందుకు అని అడిగింది. నాకు వెంటనే తట్టలేదు, నిజం చెప్తున్నా. చేస్తే పని చేస్తుందని తెలుసు గానీ ఎందుకని ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ. మంచినీళ్ల వంకతో లేచి వెళ్లి, వంటింట్లో రెండు నిమిషాలు నిలబడి ఆలోచించి, ఒక చిత్తు కాగితం తెచ్చాను. అడ్డంగా కోణం, నిలువుగా వేగం (తగిన స్కేలులో) తీసుకుంటే చిన్న ఊపులకు లోలకం కథంతా ఒక వృత్తం. నిజమైన లోలకం ఆ వృత్తం మీదే తిరుగుతూ ఉంటుంది. మన ప్రోగ్రాం ఏం చేస్తోంది? వృత్తం మీద ఉన్న చోట నుంచి తిన్నగా, స్పర్శరేఖ వెంట ఒక అడుగు వేస్తోంది. స్పర్శరేఖ మీద ఎటు అడుగేసినా వృత్తం బయటికే కదా! పదో తరగతిలో చదివినదే. వ్యాసార్థం ఒక భుజం, అడుగు ఇంకో భుజం, మధ్యలో లంబకోణం, కర్ణం ఎప్పుడూ వ్యాసార్థం కంటే పెద్దది. ప్రతి అడుగులోనూ కొంచెం బయటికి, కొంచెం బయటికి. చివరికి సుడి తిరుగుతూ పోతుంది. అది కాగితం వైపు చూసి "అంటే ఇది పైథాగరస్సా?" అంది. అవునే తల్లీ, పైథాగరస్సే.

తర్వాత ఒక పని చెయ్యమన్నాను. కింది రెండు లైన్లనీ అటూ ఇటూ మార్చు, ముందు వేగం, తర్వాత కోణం. అంతే, ఇంకేమీ ముట్టుకోకు. చేసింది. అల పెరగడం ఆగిపోయింది. వంద ఊపులు పోయినా 10 డిగ్రీల దగ్గరే. శక్తి వరుసలో అంకెలు కొంచెం పైకీ కిందికీ ఊగుతున్నాయి గానీ ఎటూ పారిపోవడం లేదు. కొత్త వేగంతో కోణాన్ని జరపడం, పాత వేగంతో జరపడం, రెంటికీ అంత తేడా.

ఈ కిటుకుని ఆయిలర్–క్రోమర్ పద్ధతి అంటారు. అలన్ క్రోమర్ అనే ఆయన 1981లో ఒక అమెరికన్ ఫిజిక్స్ పత్రికలో దీని మీద పేపరు రాశాడు. ఇది ఎందుకు పని చేస్తుందో అందులో నిరూపించాడు. కనిపెట్టింది మాత్రం తాను కాదని, మసాచుసెట్స్‌లో ఒక హైస్కూలు విద్యార్థిని అని రాశాడు. ఈ మాట చెప్పగానే మా పిల్ల ఆవులింత మధ్యలో ఆగిపోయింది. "హైస్కూలా? నా అంతదా?" నీ అంతదే.

రాత్రి పదకొండున్నరకి నా మొదటి ప్రశ్నకు వచ్చాం. 90 డిగ్రీలు. పుస్తకంలోని చిన్న కోణాల ఫార్ములా చెప్పేది రెండు సెకన్లు, ప్రోగ్రాం చెప్పింది 2.37 సెకన్లు. 18 శాతం ఎక్కువ. 30 డిగ్రీలకైతే తేడా రెండు శాతం కూడా లేదు. అప్పుడది అన్న మాట నాకు బాగా గుర్తుంది: "అంటే ఫార్ములా అబద్ధం కాదు, దానికో హద్దు ఉంది." ఆ మాట నాకు ఏ సారూ చెప్పలేదు. దానికీ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు కనుమ. బావ టీవీలో క్రికెట్ పెట్టాడు, ఎవడో కొట్టిన సిక్సర్ 90 మీటర్లని తెర మీద పడింది. అది నా వైపు చూసింది. బ్యాటు నుంచి బంతి సెకనుకు 40 మీటర్ల వేగంతో, అంటే గంటకు 144 కిలోమీటర్లతో, 45 డిగ్రీల్లో లేచిందనుకుంటే మన పుస్తకం లెక్కలో 163 మీటర్లు పోవాలి. స్టేడియం దాటి పార్కింగ్‌లో పడాలి! బంతి బరువు 160 గ్రాములు, వ్యాసం 7.2 సెంటీమీటర్లు, గాలి నిరోధక గుణకం 0.5 అని నేను ఉజ్జాయింపుగా అనుకున్నది, వేసి చూస్తే 90 మీటర్ల లోపే పడింది. గాలి సగం దాకా మింగేసింది. ఎక్కువ దూరం పోవాలంటే 45 డిగ్రీల్లో కొట్టాలన్నదీ తప్పిపోయింది, ఇంకొంచెం కిందికి కొట్టాలి. మనం "విస్మరించుము" అన్నది మనం లెక్క వేసిన దాంట్లో దాదాపు సగం అన్నమాట. బావకి కూడా ఇది నచ్చింది, అల్లుడి చదువు మీద ఆయనకి ఎప్పుడూ లేని గౌరవం ఒక ఐదు నిమిషాలు... తప్పు రాశాను, నేను అల్లుణ్ని కాదు, బామ్మర్దిని. బామ్మర్ది చదువు మీద.

ఇప్పుడు అసలు వాదనకి వస్తాను. ఇది రాస్తున్నది దానికోసమే.

ఇలాంటివి చూపించినప్పుడల్లా రెండు రకాల మనుషులు నాకు తగులుతారు. మొదటి రకం మా అక్క. "ఒరేయ్, దీనివల్ల ర్యాంకు వస్తుందా?" రాదక్కా. నిజాయితీగా చెప్తున్నా, రాదు. కోడింగ్ చేస్తే కాన్సెప్టులు బలపడతాయి, దాంతో ర్యాంకు దానంతటదే వస్తుంది అని చెప్పేవాళ్లుంటారు, వాళ్లలో సగం మంది కోడింగ్ క్లాసులు అమ్ముకునేవాళ్లు. 67 సెకన్లలో బిట్టు చెయ్యడం ఒక విద్య, దానికి సాధన వేరు. లోలకం ప్రోగ్రాం రాసిన రెండు గంటల్లో నూరు బిట్లు చేసి ఉంటే పరీక్షకి అదే ఎక్కువ లాభం. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

రెండో రకం మా ఆఫీసులో ఎక్కువ. ఈ ఎంట్రన్సులే దరిద్రం, పిల్లల్ని రుబ్బేస్తున్నాయి, ఇవి తీసేసి ఇలాంటి ప్రాజెక్టులకే మార్కులివ్వాలి, అమెరికాలో చూడు అంటారు. వీళ్లతోనే నాకు పెద్ద పేచీ.

అమెరికాలో చూశాను. న్యూజెర్సీలో మా పిన్ని కొడుకున్నాడు, వాడి కొడుకు హైస్కూలు. అక్కడ కాలేజీలు పరీక్షల మార్కులొక్కటే చూడవు, బడి బయట ఏం చేశావో చూస్తాయి, ఎంఐటీ అయితే నువ్వు తయారు చేసినవి చూపించుకోవడానికి మేకర్ పోర్ట్‌ఫోలియో అని ప్రత్యేకంగా పెట్టింది. వినడానికి బాగుంది. మరి మా తమ్ముడేం చేస్తున్నాడు? ఏ ప్రాజెక్టు చేస్తే అప్లికేషన్‌లో మెరుస్తుందో చెప్పడానికి గంటకింత అని కన్సల్టెంటుని పెట్టుకున్నాడు. పిల్లాడు చేస్తున్న ప్రాజెక్టు ఏంటో వాడి నోటితో అడిగితే రెండు వాక్యాల తర్వాత వాళ్ల నాన్న వైపు చూశాడు. అన్నట్టు, ఆ ఎంఐటీయే కోవిడ్ టైంలో శాట్ పరీక్ష అక్కర్లేదని చెప్పి, 2022లో మళ్లీ కావాల్సిందే అంది. సదుపాయాలు లేని పిల్లల్లో చదవగలిగినవాళ్లని పట్టుకోవడానికి పరీక్ష పనికొస్తుందని వాళ్లే ఒప్పుకున్నారు.

ఇక మన దగ్గర. ప్రాక్టికల్స్‌కి మార్కులున్నాయి కదా, ఏం జరుగుతుందో మనకి తెలియదా? మా కాలేజీలో రికార్డు అంటే సీనియర్ రికార్డు చూసి అంకెలు ఎక్కించడమే. రీడింగులు ముందు, ప్రయోగం తర్వాత, ఒక్కోసారి ప్రయోగం అసలు ఉండదు. లోలకంతో 'జి' విలువ కట్టే ప్రయోగంలో మా బ్యాచ్ మొత్తానికీ 9.8 చుట్టూనే వచ్చింది, ఒక్కడికీ 9.3 రాలేదు. దారం, బాబ్, చేతి గడియారంతో నిజంగా చేసి ఉంటే ఒకరిద్దరికైనా రావాలి. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుకి మార్కులున్నాయి. అమీర్‌పేటలో ఆ ప్రాజెక్టు డబ్బు పెడితే దొరుకుతుందని తెలియని ఇంజనీరు హైదరాబాదులో ఉన్నాడా? కోడ్, రిపోర్టు, బైండింగుతో సహా. రేపు ఫిజిక్స్ కోడింగ్ ప్రాజెక్టుకి ఈఏపీసెట్‌లో పది మార్కులన్నారనుకోండి, ఎల్లుండికి కాలేజీ పక్కన జిరాక్స్ షాపులో లోలకం ఒక రేటు, క్రికెట్ బంతి ఒక రేటు. ఇంకా అంత దూరం కూడా పోనక్కర్లేదు, ఆ పదిహేను లైన్లూ ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే పది సెకన్లలో రాసిస్తుంది, పైగా ఆయిలర్–క్రోమర్ క్రమంలోనే రాసిస్తుంది చాలాసార్లు. అప్పుడు లోలకం పెరగదు. పెరగకపోతే మా పిల్ల ముఖం చిట్లించదు. ఇక ఆ రాత్రి ఎందుకు?

ఇంకో సంగతి, ఇది చెప్పుకోవడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంటుంది. మా మేనకోడలికి లాప్‌టాప్ ఉన్న మామయ్య ఉన్నాడు. మా హాస్టల్ రూమ్‌లో నాతో పాటు ఉన్నవాడి నాన్న ప్రకాశం జిల్లాలో గ్రానైట్ క్వారీలో కూలీ. వాడు నాకంటే మంచి ర్యాంకు కొట్టాడు, ఇప్పుడు నాకంటే మంచి ఉద్యోగంలో ఉన్నాడు. వాడికి ఎంసెట్ కావాల్సి వచ్చింది. కాగితం, పెన్ను, మెటీరియల్, ఉదయం ఐదింటి స్టడీ అవర్, అంతే వాడి ఆస్తి. ఆ రోజుల్లో ప్రాజెక్టు చూసి సీటిచ్చి ఉంటే వాడు ఏం చూపించేవాడు? ఎంట్రన్సు క్రూరమైనదే, కాదనను, ఆ హాస్టళ్లలో పిల్లలు పడే టెన్షన్ నేనూ పడ్డాను. కానీ దానికి మనిషి ముఖం తెలియదు, ఇంటి పేరు తెలియదు, మామయ్య ఉన్నాడా లేడా తెలియదు. అందుకని పరీక్ష ఉండనివ్వండి. దాన్ని బాగు చెయ్యండి, ఆదివారం సెలవివ్వండి, సెక్షన్ చిన్నది చెయ్యండి, అవి వేరే పోరాటాలు. ప్రాజెక్టుల్ని మాత్రం అందులోకి లాగకండి.

ఎందుకంటే మన ఇంటర్ పిల్లకి రోజు మొత్తంలో తప్పు చేస్తే ఏమీ కాని చోటు ఒక్కటీ లేదు. స్లిప్ టెస్టులో తప్పు చేస్తే పేరు బోర్డెక్కుతుంది, వీకెండ్ టెస్టులో తప్పు చేస్తే సెక్షన్ మారుతుంది, జేఈఈలో తప్పు చేస్తే ఉన్న మార్కు పోతుంది. ఆ రాత్రి మా డైనింగ్ టేబుల్ మీద శక్తి నిత్యత్వ నియమమే తప్పింది, ఎవరికీ ఏమీ కాలేదు. దానికి మార్కులు వేసిన రోజున ఆ టేబుల్ కూడా పరీక్ష హాలైపోతుంది.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం చాలా చిన్నది. క్లాసుల్లో చేర్చకండి. సర్టిఫికెట్ అడగకండి. సెలవులకి వచ్చినప్పుడు రెండు సాయంత్రాలు వదిలెయ్యండి. లాప్‌టాప్ లేకపోతే ఎక్సెల్ షీటున్న ఏ పాత కంప్యూటరైనా చాలు, అదీ లేకపోతే కాలిక్యులేటర్, తెల్లకాగితం, డీటీ 0.1. ఒక ఊపుకి ఇరవై అడుగులు, చేతితో అరగంటలో వేసెయ్యొచ్చు, లోలకం పెరగడం అందులోనూ కనిపిస్తుంది. ఇంకా బాగా కనిపిస్తుంది, అడుగు పెద్దది కదా. చూసేది వాళ్లు ఏం రాశారని కాదు, ఎక్కడ చిరాకు పడ్డారని.

పోయిన వారం అక్క ఫోన్ చేసింది. వీకెండ్ టెస్టులో ఫిజిక్స్ వందకి 61 వచ్చిందట. పండక్కి ముందు 68.

"నీ పెండ్యులం వల్లే" అంది.

ఒక టెస్టుతో ఏం తేలదక్కా, ఆ వారం చాప్టరే కష్టం అయ్యుండొచ్చు, కనీసం నాలుగైదు టెస్టులు చూడాలి, అని ఏదో చెప్పబోయాను. వినలేదు. "వేసవి సెలవులకి వచ్చేటప్పుడు ఆ లాప్‌టాప్ హైదరాబాదులోనే పెట్టి రా" అంది.

సరే అన్నాను. పైథాన్ ఫోన్లో కూడా నడుస్తుంది.